ప్యాడ్ పట్టినోడు

మా అక్క ఎదుగుడు ఏ పేపర్ల రాలే.
నా అరచేతులల్ల ఉంది.

తొలి తన్ను పిచ్చుక వాలినట్టుండె, అప్పుడు నాకు ఏడేండ్లు.
రెండేండ్లకు ప్యాడ్ మోగింది.
బోరబండ మెట్ల మీద పండుకున్న కుక్క లేచి
మా ఇద్దరిల ఎవరు మొరిగిన్రో అన్నట్టు చూసింది.
ఆ తర్వాత ఏడు
నేనే గోడకు ఆనుకొని పట్టుడు మొదలువెట్టిన.

ఇస్త్రీ బండి కాడ అమ్మ
అపార్ట్‌మెంటోళ్ల చొక్కాలు కొరియా భాషల లెక్కవెడ్తది:
హనా, దుల్, సెత్, నెత్...
అయిదు కాడ మర్చిపోయి "అయిదు" అంటది.
ఆరుకు మళ్ల కొరియా పోతది.
అక్క తెల్ల డ్రెస్సు వచ్చిందంటే
పెట్టెల బూడిద దులిపి, కొత్త బొగ్గులేస్తది.

తూకం ముందురోజు
మే నెల ఎండల రెయిన్‌కోటు తొడుక్కొని
కైతలాపూర్ గ్రౌండ్ల ఉరికింది అక్క.
"వానేడుంది పిల్లా" అని చెరుకురసమాయన నవ్విండు.
నలభై ఆరు కిలోలు. గ్రాము ఎక్కువైనా ఇంటికే.
ఆ రాత్రి నేను గుడ్డు కూర
గోడ దిక్కు తిరిగి తిన్న.

సరూర్‌నగర్ స్టేడియం. మైకుల ఆమె ఇంటిపేరు
చిట్యాల కాస్తా చిత్తాలా అయింది.
కాళ్లకు సీనియర్ కాడ అడుక్కున్న సెన్సర్ సాక్సులు.
మూడో రౌండు, ఆఖరి పది సెకండ్లు.
కుడికాలు లేచింది.

తగిలింది.
పై మెట్టు మీద కూసున్న నా చేతులు మండినయి.
బోర్డు మీద అంకె మాత్రం కదల్లే.

ఒక్క పాయింటు.
ఆమె నడుము వంచి దండం పెట్టింది,
గెలిచిన పిల్లకు, రెఫరీకి,
ఆ మిషన్‌కు గూడ పెట్టిందేమో, నాకు కనవడలే.

బస్సుల ఏడ్వలే. బొబ్బలెక్కిన పాదం
నా ఒళ్లె పెట్టి నిద్రవోయింది.
అమీర్‌పేట దాకా నేను కదల్లే.

అమ్మ అడిగింది, "ఎంతల పోయింది?"
"ఒకటి."
"చొక్కా ఒకటి తక్కువొస్తే
మూట ఇసిరేస్తమా? ఇప్పి మళ్ల లెక్కవెడ్తం."
అని పెట్టె మీద నీళ్లు చల్లి చూసింది.
సుయ్యిమంది.

నిన్న పొద్దుగాల అయిదింటికి
ప్యాడ్ తెచ్చి నా దుప్పటి మీద ఏసింది.
ఒక్కటే తన్ను. నా కుడిచెయ్యి బొటనేలు వాచింది.
డాక్టరు వారం పట్టొద్దన్నడు, రేపు పడ్త.

అక్షరాలు వంకర పోతే ఏమనుకోకుండ్రి,
ఇది ఎడమచేత్తో రాస్తున్న.