ఆమెన్ ఇంకా అనలేదు

కొండపి అవతల, ఆసామి మూడో బ్యారన్ కాడ
ఇది నాలుగో రాత్రి.
ఆకు పసుపెక్కింది. ఇక ఈనె ఎండాలి.
పొయ్యిలోకి సరుగుడు మొద్దు తోసి
గోనె మీద కూర్చున్నా.
పక్కన మా హెప్సీబా,
మూడో తరగతి పుస్తకం, ఒక టార్చిలైటు.

పొగపట్టిన కళ్లు నావి, అంకెలు అలుక్కుపోతాయి.
గాజుపలక లోంచి వేడి ఎంతుందో చదివేది అదే.
"నూట నలభై రెండు నాయనా" అంటుంది.
"దేవుడికి నిద్రొచ్చిద్దా?" అంటుంది,
అదే గొంతుతో, అదీ ఒక అంకె అన్నట్టు.

ఆదివారం బడిలో నేర్పిన జవాబుంది నా దగ్గర.
నోటిదాకా వచ్చి ఆగింది.
చెప్పేస్తే, మళ్లీ అడగదేమోనని.

ప్రేమించానా నేను దేవుణ్ణి?
భయపడ్డా. బాకీపడ్డా. బేరమాడా,
చిన్నోడు కామెర్లతో ఒంగోలు ఆసుపత్రిలో ఉన్న
పదకొండు రోజులూ, రోజుకో బేరం.
వాడు పోయాక రెండేళ్లు
చర్చి గంట వినబడితే
చేలకు అడ్డంబడి పోయేవాణ్ణి.
హెప్సీబా ఒక్కతే పోయేది, తల మీద అవ్వ తువ్వాలేసుకుని.
ఒకనాడు వచ్చి చెప్పింది,
"చాప మీద నీ చోటులో నా పలక పెట్టా నాయనా,
ఎవురూ కూర్చోకుండా."
ఆ తర్వాతి ఆదివారం
పలక పక్కకి జరిపి కూర్చున్నా.
నమ్మకం వచ్చి కాదు. పలక అక్కడ ఉంది గనక.

ప్రేమించింది మా అమ్మ దీనమ్మ.
ఎసరు పెట్టిన ప్రతిసారీ
చేటలోంచి పిడికెడు బియ్యం తీసి డాల్డా డబ్బాలో వేసేది.
అది దేవుడి వంతు.
మాకు గంజి పలచనైన రోజున కూడా
ఆ డబ్బా గలగలమనేది.
ఏడేళ్లప్పుడు అందులోవి దొంగతనంగా బొక్కా, పచ్చి బియ్యమే.
అమ్మ చూసింది. పుల్ల తీస్తుందనుకున్నా.
"ఆయనే నీకోసం దాపెట్టాడేమోలేరా" అని
నా మూతికంటిన నూక తుడిచి
డబ్బాలో రెండు పిడికిళ్లు వేసింది.
ఆ రాత్రి తన కంచం బోర్లించే ఉంది.
దేవుణ్ణి గురించి మా అమ్మ నాకు చెప్పింది
ఆ ఒక్క ముక్కే.

మొన్న చూశా,
హెప్సీబా ఆ డబ్బాలోనే మూడుసార్లు వేస్తోంది.
ఏందే అంటే
"అవ్వ చెయ్యి పెద్దది గదా,
నాయి మూడైతే గానీ అవ్వదొకటి గాదు."
అవ్వ పోయేనాటికి దీనికి నాలుగేళ్లు.
ఈ లెక్క ఎవరు నేర్పారో తెలీదు.
నెలాఖరు, అడుగంటిన రేషన్ బియ్యం.
నేను నోరెత్తలేదు.
నోరెత్తకపోవడమే
దానికి నేను చేసిన బోధేమో.

టార్చి ఎర్రబడింది. ప్రార్థన చేస్తానని మోకాళ్లేసింది.
తమ్ముడి పేరు చెప్పింది,
ఆసామి గారి ఈనిన బర్రెను చెప్పింది,
లెక్కల టీచరు జ్వరం సంగతి చెప్పింది,
"మా నాయనకి నిద్ర రానీయొద్దు, నీకు కూడా..." అంటూ
నా తొడ మీద తల వాల్చేసింది.
ఆమెన్ అనలేదు.

నేనందామనుకున్నా.
నాది కాని ప్రార్థనకి
నేనెట్టా గడియ పెట్టేది?
లేచినప్పుడల్లా దాని తల గోనె మీదికి దించి
మొద్దు తోసి, వచ్చి, మళ్లీ తొడ మీదికి తీసుకున్నా.
మూడుసార్లో, నాలుగుసార్లో.
తలుపు తీసున్న ఇంట్లో కూర్చున్నట్టు
రాత్రంతా అందులోనే ఉన్నా.

తెల్లారగట్ట పాలేటి వైపు నుంచి చలిగాలి.
కళ్లు తెరుస్తూనే "ఎంతుంది?" అని
తనే పోయి గాజుపలకకి ముక్కు ఆనించింది.
"నూట యాభై ఆరు!"
తర్వాత గుర్తొచ్చి,
"రాత్రి ఆమెన్ అన్నానా నాయనా?"
"లేదమ్మా."
"పోనీలే. ఇంకా చెప్పాల్సింది ఉంది" అని
బొగ్గుపొడి చేతిలో వేసుకుని
పళ్లు తోముకోను పోయింది.