గుండ్ల తూకం

నలభై ఎనిమిది గంటలు తిరిగి ఆగింది
మూడో నంబరు డ్రమ్ము.
అల్ ఘైల్‌లో ఆగస్టు, తెల్లారి నాలుగు,
షెడ్డు రేకులకి కూడా చెమట.
గుండ్లని జల్లెడ మీదకి దింపి
కడిగి, ఆరబెట్టి, తూకం వేశాను.
వేసినప్పుడు ఇరవై కిలోలు.
తీసినప్పుడు నలభై మూడు గ్రాములు తక్కువ.

గుల్ రహీం నేలంతా వెతికాడు.
జల్లెడ దులిపాడు, చీపురు పుల్లతో మూలలు గీకాడు.
ఒక్క గుండూ పోలేదు భాయ్,
అన్నీ తలా కాస్తా చిక్కిపోయాయి.
పోయింది ఎక్కడికీ పోలేదు,
అదిగో, పాలలా కనిపిస్తున్న ఆ నీళ్ళలోనే ఉంది.

తిరగలికి కక్కుపెట్టే మనిషి వచ్చి వెళ్ళిన రోజు
మా నాన్నమ్మ మొదటి చేరెడు పిండి
ఆవు కుడితిలో పారబోసేది.
"రాయి తిన్న పిండి, గుంటడి పంటికి తగుల్తాది."
ఆవిడకి ఈ సంగతి ఏ ల్యాబూ చెప్పలేదు.

జిర్కోనియా పొడిని జిర్కోనియా గుండ్లతోనే నూరాలి.
అప్పుడు అరిగినా అరిగింది దాని చుట్టమే.
కానీ ఆ గుండ్ల పెట్టె పోర్టులో ఇరుక్కుంది.
శశాంకన్ సార్ గడియారం చూశాడు, నన్ను చూశాడు.
"ఉక్కువి వెయ్. గురువారం లోడు పోవాలి.
తర్వాత యాసిడ్‌తో కడుగుదాం."
కడిగాం. కొంత పోయింది.

కొలిమి తలుపు తీస్తే
పంటి తెలుపుండాల్సిన బిళ్ళలు
రెండోసారి మరిగించిన టీ రంగులో వచ్చాయి.
ఎవరి దవడలోనో కూర్చోవాల్సిన పన్ను,
నవ్వడానికి ముందే పాతబడింది.

రోవెనా మేడమ్ గ్రాఫు కాగితం పరిచింది.
ముప్పై దగ్గర ఒకటే శిఖరం ఉండాలట.
దానికి అటొకటి, ఇటొకటి
దూడకి మొలుస్తున్న కొమ్ముల్లా రెండు బుడిపెలు.
"ఇది ఇనుము చేసింది కాదు. ఎక్కువసేపు నూరావు.
దెబ్బలకి లోపలి అమరికే మారిపోయింది."

అయితే మచ్చలేని పొడి చేసి చూపించండి మేడమ్, అన్నాను
కొంచెం కోపంగానే.
ఆవిడ నవ్వలేదు.
ఏదీ కలపని జిర్కోనియా
కొలిమిలోంచి చల్లారుతూ ఉబ్బి
తనని తానే పగలగొట్టుకుంటుందట.
వందకి అయిదు పాళ్ళు ఇట్రియా,
పరాయిది, కావాలని పిలిచి కూర్చోబెట్టింది,
అది ఉంటేనే నిలబడుతుందట.

నా కార్డు మీద పేరు చూసి అడిగింది, అర్థమేంటని.
తవిటయ్య.
నాకు ముందు ఇద్దరు దక్కలేదు.
పొరుగింటి అప్పలనర్సమ్మ చేటెడు తవుడు పోసి
మా అమ్మ దగ్గర నన్ను కొనుక్కుంది.
తవుడు ఖరీదు చేసే బిడ్డని
చావు కూడా ఎత్తుకుపోదని.
చెరిగి అవతల పారేసేదే మేడమ్, తవుడంటే.
అదే నన్ను పట్టి ఉంచింది.
ఆవిడ కాసేపు గ్రాఫునే చూస్తూ ఉండిపోయింది.

రిపోర్టు ఫారంలో ఒక గడి ఉంది:
కల్తీకి కారణం.
"ముడిసరుకు అని రాసెయ్," అన్నాడు శశాంకన్ సార్
గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు.
ఆయనకీ ఇంట్లో ముగ్గురు.
ఎక్కడో సముద్రపొడ్డున తవ్విన ఇసుక,
అడగడానికి దానికి నోరు లేదు.

పెన్ను గుల్ రహీం జేబులోంచి తీసుకున్నాను.
గుండ్లు వేసిన బరువు రాశాను.
తీసిన బరువు రాశాను.
ఎవరు వెయ్యమన్నారో రాయడానికి
గడిలో చోటు చాల్లేదు.
మార్జిన్‌లోకి వెళ్ళాను.

టీ వచ్చింది.
పంటి కింద ఏదో రవ్వంత కరకరలాడింది.
చక్కెరో, ఇంకేదో.
మూడో నంబరు డ్రమ్ము కడగాలి,
ఆరుగంటలకి పగటి షిఫ్టు వస్తుంది.