ఊరికే

సాలిగ్రామంలో నాలుగో వీధి, మేడ మీద
గోడలకు గోనెగుడ్డ అంటించిన గది.
ఏసీ చప్పుడు మైకులోకి వస్తుందని టేకుకి ముందు ఆపేస్తారు.
చెమటలు కారుస్తూ చచ్చిపోవడం నా పని.

ఈ సిరీస్‌లో ఇప్పటికి మూడుసార్లు చచ్చాను.
బావిలో ఒకసారి, లాడ్జిలో ఒకసారి.
మూడోదానికి మాటల్లేవు, మూలుగొక్కటే.
మూలుగుకి సగం రేటు.

ఇవాళ నాలుగో ఎపిసోడ్.
తెర మీద అమ్మాయి కయల్‌విళి, తమిళం మాట్లాడుతుంది.
అంతకుముందు ఇది పాడ్‌కాస్ట్, ఇంగ్లీషులో.
అంతకుముందు
పల్లావరం తోలు కంపెనీలో చెప్పులకు జిగురు పూసే
రవణమ్మ, వింజమూరు.

నిన్న రాత్రి బస్సులో ఆ పాడ్‌కాస్ట్ విన్నాను.
మంచి గొంతు అతనిది, నింపాదిగా,
బాధలో రాత్రంతా నానబెట్టినట్టు.
రవణమ్మని రమణమ్మ అని దిద్దాడు పాపం.
మధ్యలో పరుపుల ప్రకటన.
తర్వాత ఇంటి ఓనరు చెల్లక్కణ్ణు, వెనకాల కుక్కర్ కూత:
"రోజూ మెట్ల మీద కూచుని ఫోను చేసేది.
తెలుంగు నాకేం తెలుసు?
ఒక్క మాట మాత్రం తెగ వినపడేది,
ఊరికే, ఊరికే అని."

తమిళ చెవికి అది ఊరుక్కే, సొంతూరికే.
అతను కాసేపు ఆగాడు. వీణలాంటిదేదో మోగింది.
"అంటే, ఆమె పారిపోవాలనుకుంటోంది."
కథంతా అక్కణ్ణించే కట్టుకొచ్చారు:
బియ్యం డబ్బాలో దాచిన నోట్లు, రైలు టికెట్టు,
ఆ టికెట్టు చూసినవాడు.

బస్సులో ఒక్కదాన్నే నవ్వాను.
నవ్వు ఆగేసరికి వడపళని దాటిపోయింది.

అవతలెవరో
"ఏందిమే, ఈ ఏళప్పుడు చేశావు?" అంటే
ఇవతల ఆమె చెప్పిన జవాబు అది.
పనేం లేదు. డబ్బులడగడానికి కాదు.
ఒంట్లో బాగానే ఉంది.
ఊరికే చేశా.

భుజంగరావు గారికి చెప్పాను.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు,
తుడిచిందే తుడిచారు.
"నిజమేనమ్మా. కానీ టికెట్టు క్లోజప్పు ఉంది కదా.
ఎపిసోడ్‌లో ఏదీ ఊరికే జరగకూడదు."
అద్దం వెనక ఇళంగో వేలు తిప్పాడు.

కాగితం మీద నా డైలాగు:
"నేను మా ఊరికే వెళ్ళిపోతాను."
'మా' దగ్గర పెదాలు కలవాలి, 'పో' దగ్గర కలవాలి.
మొదటి టేకులో ఏడుపెక్కువ.
రెండోది బావుందిగానీ ఊపిరి చాల్లేదు.
మూడోదాంట్లో 'మా' మింగేశాను.
నేను, అని ఆగి
ఊరికే, అన్నాను,
భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి
చేటలో రాళ్ళేరుకుంటున్నదాని గొంతుతో.
ఆ తర్వాతే వెళ్ళిపోయాను.

ఒకచోట పెదాలు కలవలేదు.
ఇళంగోకి తెలుగు రాదు, బొటనవేలెత్తాడు.
భుజంగరావు గారికి వచ్చు.
తలెత్తకుండా కాగితం మీద టిక్కు పెట్టారు.

ఇంక అరుపు ఒకటి మిగిలింది.
అరుపు ఏ భాషలోనైనా ఒకటే అంటారు ఇక్కడ,
ఒరిజినల్‌దే వాడేస్తారు కొన్నిసార్లు, ఖర్చు కలిసొస్తుందని.
వద్దు, నేనే ఇస్తానన్నాను.
గ్లాసెడు నీళ్ళు తాగి
ఏసీ ఆపమన్నాను.