ఏకు

మిల్లు కాడ దూది బేళ్ల సందులో దొరికింది.
అది అరిచేదాకా
అదీ దూదే అనుకున్యాం.
గుప్పెడంత, తెల్లగా,
ఏకు చుట్టినట్ల ముడుచుకోని ఉండె.
"ఏకు" అన్యాడు మా లాలెప్ప.
అదే పేరైపాయె.

ఆరు నెల్లు తిరక్కముందే
మా అత్త నోట సామెత:
ఏకై వచ్చింది, మేకై కూచుండాది.

మొదుట కూలరు.
ఆదోని ఎండలకి ఓర్సుకోలేక
కొత్త గడ్డి ఏయించి నెల కాలే,
మూడు పక్కలా పీకి
నీళ్ల తొట్లో నానబెట్టింది.
తరువాత ఫ్రిజ్జు తలుపు రబ్బరు.
సెట్‌టాప్ బాక్సు ఎచ్చగుంటాదని
దాని మీద పండుకోని,
లేసినప్పుడల్లా ఒళ్లిరుసుకుంటా
టీవీ అంచుకి నాలుగు గీతలు.
ఆఖరుకి,
చీటీ పాడి తెచ్చుకున్న సౌండు బాక్సు.
ముందర నల్ల గుడ్డ
దారం దారం ఊడొచ్చి
గాలికి ఆడతాండాది.

ఏం చేయలే అనొద్దు.
నిమ్మ తొక్కలు పెట్టినా.
వాసన చూసి తుమ్మి,
ఆ తొక్కతోనే బంతాట ఆడె.
నీళ్లు చల్లినా.
నన్ను చూస్తే పారిపోయేది నేర్చుకునె గానీ
బాక్సును చూస్తే కాదు.
గదిమినా.
నేను బోరింగు కాడికి పోయినప్పుడు
గీకేది నేర్చుకునె.
కలరా ఉండలు పెడదామంటే
వద్దక్కా, పిల్లి ప్రాణానికే మోసం, అనె ఎంకోబు.
మా షర్ఫున్ ఒడిలో పట్టుకుంటే
గోళ్ల మొనలు కత్తిరించినా,
లోపల ఎర్రగా కనపడే గీతకు తగలకుండా,
ఊపిరి బిగబట్టి.
నా చేతి మీద ఇంకా ఉండాది
ఆ దినం గుర్తు.

బాక్సు గర్రుమంటాందని
ఎంకోబు స్క్రూలిప్పి మూత తీసె.
లోపల, చెక్కకు అంటించి,
మందంగా
దూది.
"సూడక్కా" అని పడీ పడీ నవ్వె,
"దూదేకులోళ్ల పిల్లి గదా,
దూది యాడుండాదో దానికి తెల్దా?"
నవ్వాల్నో, రెండు తగిలియ్యాల్నో
తెలీక
టీ పోసినా.

అత్త ఏమన్లే.
రాత్రి బువ్వ తిన్యాక
అటక మీదికి చూపిచ్చె.
ఫకీరప్ప తాత దూదేకే విల్లు.
నరం తెగి ఎన్నేండ్లాయెనో,
కొయ్య మాత్రం నా భుజమంత గట్టిగుండాది.
"నీ తాతది గదత్తా" అంటే
"చెదులు తినేదానికంటే
పిల్లి తినేది మేలు" అనె.

లాలెప్ప మిల్లు గోతం తెచ్చి
కొయ్యకి చుట్టి
పురికొసతో బిగించి
పంచలో మూలకి నిలబెట్టినాడు.
తొమ్మిది దినాలు
ఏకు ఆ పక్క తలకాయ తిప్పలే.
గోతం మీద కాకి కూచుండిపాయె గానీ
అది పోలే.
పనికిమాలిన పని అనుకోని
పొయ్యిలోకి పెడదామని ఇంట్లోకి తెచ్చి,
మర్సిపోయి
సౌండు బాక్సు పక్కనే ఆనిచ్చినా.

తెల్లారుజామున చప్పుడు.
ఒకటే లయ.
గర్ర్... గర్ర్... గర్ర్...
అత్త పక్క మీదనే లేసి కూచోని
"ఎవురది, ఏకుతాండేది?" అనె.
లైటేస్తే
గోతం పీచు నేలంతా,
ముందరి కాళ్లు రెండూ పైకి చాపి
మా ఏకు,
కండ్లు సగం మూసుకోని
పని మీదుండాది.
అత్త లైటు ఆర్పమనె.
సీకట్లో కొంచేపు
అట్లే ఇన్యాం.

బాక్సు గుడ్డ మార్పిచ్చినాం.
ఇప్పటికీ లావు గొంతు పాటొస్తే
కొంచెం గర్రుమంటాది.
ఫ్రిజ్జు రబ్బరుకు ఎంకోబు ఇన్నూరు అడుగుతాండాడు,
నూటాయాభైకి బేరం.
కూలరు మూడో పక్క మాత్రం
దానికే ఇడిసినాం,
అటు సైడు గాలి
ఎట్లా గోడకే కొడతాది.