పొగ మాత్రం

రోవెల్ కెనడా పోతూ పోతూ
టేబులు సొరుగుల వదిలేసిన నల్లపలక.
అంచు పగిలింది, పెన్ను మొన అరిగింది.
"గంగనర్సూ, నువ్వు వాడుకో" అన్నడు.
షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
పగలు నేను బోర్డులు బిగించేటోణ్ణి,
నిచ్చెన మీద, నట్లు నోట్ల పట్టుకొని.

కోరుట్లల నేను బోర్డులు రాసేటోణ్ణి.
రాసుడుకు, బిగించుడుకు నడుమ
పన్నెండేండ్లు, ఒక సముద్రం,
ఒక ఫ్లెక్స్ మిషిను.

ఖైసర్ ఉస్తాద్ చెప్పేది:
గీత గుంజేటప్పుడు ఊపిరి బిగవట్టు,
అక్షరం మణికట్టుల ఉండదు బేటా, భుజంల ఉంటది.
'వస్త్రాలయం'ల క్రావడి
ఒక్క ఊపిరిల చుట్టి తెచ్చేటోణ్ణి.
తప్పువోతే కిరసనాయిలు గుడ్డ.
ఆ వాసన అన్నంల గూడ వచ్చేది.

ఇక్కడికొచ్చి మొదలు మూడేండ్లు
రోడ్లు పలగ్గొట్టే మిషిను పట్టిన.
మిషిను ఆగింది, చేతులు ఆగలే.
చాయ గ్లాసు పెదవి దాక వచ్చేసరికి సగం.
ఒకనాడు సిమెంటు సంచి కాయితం మీద
'గ' రాసి చూసిన.
నా పేరుల మొదటి అక్షరం
చలి మంట దొరకని ముసలోని లెక్క నిలవడ్డది.
మడిచి పరుపు కింద వెట్టిన. ఎవ్వలకు చెప్పలే.

నల్లపలక మీద మొదటి రాత్రి:
చెయ్యి ఇక్కడ, గీత అక్కడ స్క్రీన్ల.
కరెంటు వోయినప్పుడు తాళానికి చెవి ఎతికినట్టు.
చేతిని చూస్తే గీత తప్పుతది,
గీతను చూస్తే చెయ్యి తప్పుతది.
"చేతిని మర్చిపో" అని రోవెల్ వాయిస్ మెసేజు.
మర్చిపోదామనే గదా మూడేండ్లాయె.

రంగు లేదు, వాసన లేదు,
గోర్ల సందుల ఏం మిగలదు.
కంట్రోల్ జెడ్ కొడితే తప్పు పుట్టనే లేదు.
ఎంత అదిమితే అంత లావు గీత.
ఈ దేశంల నా చెయ్యి బరువు అడిగింది
ఇదొక్కటే.

మొన పూరాగ అరిగినంక
గడ్డి కోసే మిషిను నైలాన్ తాడు
అర ఇంచు కోసి, గచ్చుకు రాకి, పెన్నుల గుచ్చిన.
అదే రాత్రి కండ్లవడ్డది
స్క్రీను మూలకు, 'స్టెబిలైజర్'.
సున్నా నుంచి పదిహేను.

పదిహేనుకు జరిపి 'గ' రాసిన.
గీత కొంచెం ఆలస్యంగ, నా వెనుక,
బడికి పోనంటున్న పిల్ల లెక్క గుంజుకుంట వచ్చింది.
వచ్చి కూసున్నది నున్నగ, నిండుగ,
బస్టాండు ముందట గంగాధర్ క్లాత్ స్టోర్ మీది
నా 'గ'.
లైటు బంజేసి చాన సేపు కూసున్న.
వణుకుడు ఆగిన చెయ్యి స్క్రీన్ల.
ఆగనిది నా ఒళ్లె.

అస్సైనార్ చాయ దుకాణానికి బోర్డు గావాలన్నడు.
మలయాళం, అరబ్బీ: రెండూ నాకు చదువరావు.
చీమను ఎంబడించినట్టు అక్షరాలను ఎంబడించిన,
ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి.
నడుమ గ్లాసు బొమ్మ. అంచులు పదిహేను మీదనే.
ఇగ పొగ ఎయ్యాలె.

ఆరుసార్లు ఏసిన.
పొగ కాదది, వంచిన ఇనుప కడ్డీ.
రాత్రి రెండు దాటింది.
పై బంకు మీద బీహారీ పిల్లగాడు
నిద్రల ఎవల్నో పిలిచిండు.
స్టెబిలైజరు సున్నాకు గుంజిన.
ఊపిరి బిగవట్టలే, ఇడిచిపెట్టిన.
ఉస్తాద్, మాఫ్ చెయ్యి.
అది పైకి పోయింది వణుక్కుంట వణుక్కుంట,
ఒకకాడ లావై, ఒకకాడ సన్నగై,
ఒకకాడ ఇగ తెగుతదేమో అన్నట్టై.

శుక్రవారం నేనే నిచ్చెన ఎక్కి బిగించిన.
అస్సైనార్ కింద నుంచి అరిశిండు:
"గ్లాసు సరే, ఆ పొగ ఏం ఫాంటు భాయ్?"
నోట్ల నట్లున్నయ్. జవాబు చెప్పలే.

దిగినంక చాయ వోసిండు,
సగం గ్లాసే.
నేను చెప్పకముందే
ఎప్పుడు చూసిండో.