ముప్ఫైనాలుగు చుట్లు

సుక్కు మావ బాణాలు
ఎండాకాలం నుంచి ఎడమకి పోతున్నాయి.
అరటి బోదెకి జానెడు అవతల,
తప్పడంలో కూడా గురి తప్పకుండా
ఒకదాని పక్కన ఒకటి
జీడిచెట్టు మొదట్లో దిగి వణుకుతున్నాయి.

జీడిపిక్కలేరే రోజుల్లో
కొమ్మ విరిగి పడ్డప్పటి నుంచి
మావ కుడిచెయ్యి చెవిదాకా రావడం లేదు.
నారి గడ్డం దగ్గరే ఆగిపోతుంది.
"విల్లదే, బానమదే.
లాగినోడే నాలుగేళ్ళు తగ్గాడు" అంటాడు.
ఏళ్ళో, వేళ్ళో
నేనడగలేదు.

నాకు తెలిసింది సైకిలు.
మందసలో షాపు.
చక్రం వంకర తిరిగితే
ఏ ఊచ బిగించాలో, ఏది వదలాలో
వేలితో మీటి చెప్పేస్తాను.
ఆ మాత్రానికే తెలివైనవాణ్ణనుకుని
బారువ వెళ్ళి
వలలకి వాడే నైలాను తాడు కొనుక్కొచ్చాను.
చెమటకి నల్లబడ్డ వెదురుబద్ద నారిని విప్పి
చూరులో దోపాను.

తొలి బాణం ఈలేసుకుంటూ వెళ్ళింది.
కుడికి.
బోదెని దాటి,
అత్త ఆరబెట్టిన చింతపండు చాటలోకి.
గురుబారి అత్త ఒక్క మాటనలేదు,
చాట తీసుకెళ్ళి లోపల పెట్టుకుంది.

మావ బాణాన్ని తెచ్చి
రెండు ఇటుకల మీద అడ్డంగా పడుకోబెట్టాడు.
దాని నడుముకి
నా సైకిలు తాళంకప్ప వేలాడదీశాడు.
పుల్ల వేలెడు కుంగింది.

"సూడు గుంటా,
బొత్తిగా వంగనిది గూటం.
మరీ వంగేది పాము.
ఎదర విల్లు అడ్డంగా ఉంటాది కదా,
దాన్ని ఒరుసుకోకుండా పోవాల.
గుడిసెలోంచి బయటికొచ్చినట్టు
గుమ్మం కాడ నడుం వంచాల,
ఇవతలికొచ్చాక సాపుగా అయిపోవాల."

బలం తగ్గితే
అదే పుల్ల బిరుసెక్కిపోయింది.
తాడు తేలికైతే
అదే పుల్ల మెత్తబడిపోయింది.
ఇంతా చేసి పుల్లకి ఏమీ కాలేదు,
మహేంద్రతనయ ఒడ్డున కోసినప్పటి రెల్లే,
వెనక కోడిపుంజు ఈకలు, ముందు ఇనప ములికి.

"కొస కోసి పొట్టి చేద్దామా, బిరుసవుతుంది" అన్నాను.
"కోసింది అతకదురా" అన్నాడు.
అత్తని బొంతలు కుట్టే దారం అడిగాడు.
అత్త చాట సంగతి మర్చిపోలేదు,
ఉండ విసిరింది గాని చేతికివ్వలేదు.

బాణం ఆనే చోట
నైలాను నడుముకి దారం చుట్టడం మొదలెట్టాడు.
తాడుకి కాస్త బరువు,
ఊపులో కాస్త నిదానం.
పది చుట్లకి
బోదెకి కుడిగా రెండు బెత్తెలు.
పాతిక్కి
పచ్చడొక్క గీరుకుని పోయింది.
ఇరవైతొమ్మిదో చుట్టు దగ్గర
కొండ మీంచి వాన దిగింది.
ఈకలు తడుస్తాయని
బాణాలు పొట్టకి హత్తుకుని లోపలికి పరిగెత్తాడు.
విల్లు మాత్రం నా చేతికొదిలేశాడు.

మర్నాడు ముప్ఫైనాలుగు.
చప్పుడు మారింది ముందు,
ఊచ కుదిరినప్పటి చప్పుడు.
చూసేసరికి బోదెలోంచి
నీళ్ళు కారుతున్నాయి.

రెండో బాణం వేశాడు.
ఎడమకి పోయింది.
"దీని రెల్లు వేరు" అన్నాడు,
సంతోషంగానే అన్నాడు,
మిగిలిన తొమ్మిదింటినీ ఇటుకల పక్కన పేర్చుకుంటూ.

నా తాళం ఇంకా అక్కడే ఉంది.
షాపు ముందు సైకిలు
ఈ వానాకాలమంతా
ఊరికే నిలబడి ఉంటోంది.