పడవల వరసన

ప్రతి కార్తీకంలోనూ ఆ ఫోటో వేస్తారు పేపర్లో.
చెప్పులు చేత్తో పట్టుకుని
తడి ఇసకలో నిలబడ్డ ప్రధాని.
కింద, "దేశం కన్నీరు పెట్టిన రోజు" అని.
ఎడమ అంచున ఒక మోచెయ్యి, దాని మీద పచ్చబొట్టు తేలు.
అది మా నాయనమ్మది. సూరాడ ఎర్రమ్మది.
మిగతా మనిషి ఫోటోలో పట్టలేదు.

సోనపురానికి ఇవతల
బాహుదా సముద్రంలో కలిసేచోట మా పల్లి.
బడిలో ఒడియా, బజార్లో రెండూ,
వల లాగేటప్పుడు మాత్రం తెలుగే.

గాలివాన వెళ్ళిపోయిన నాలుగో రోజు హెలికాప్టర్ దిగింది.
దాని గాలికి
అప్పుడే కట్టుకున్న టార్పాలిన్లు మళ్ళీ లేచిపోయాయి.
నాకు నవ్వొచ్చింది. తొమ్మిదేళ్ళు.
అమ్మ లేదని ఇంకా పూర్తిగా తెలియదు.

ఆయన హిందీలో చదివాడు.
కలెక్టరాఫీసు మనిషి దాన్ని ఒడియా చేశాడు.
దండాసి మాస్టారు దాన్ని మాకు తెలుగు చేశారు.
బయల్దేరినప్పుడు ఎలా ఉందో గానీ
మూడు రేవులు దాటి మా దాకా వచ్చేసరికి ఆ మాట
"దేశం మీ పక్కనే ఉందట" అయింది.

నాయనమ్మ అటూ ఇటూ చూసింది.
"ఏదీ?" అంది.

ఎగతాళి కాదు. నిజంగానే వెతికింది.
పక్కన ఉబ్బిన మేకలున్నాయి, తలకిందులైన తెప్ప ఉంది,
ఎవరిదో ఒక స్టీలు క్యారేజీ, మూత పోకుండా.

ఏమంటోంది, అని అడిగాడాయన.
దీవిస్తోందండీ, అన్నాడు కలెక్టరాఫీసు మనిషి.
కాదు, అన్నారు మాస్టారు.
నాలుగు నెలలుగా జీతం రాని మాస్టారు
తనకొచ్చిన రెండు ముక్కల హిందీలో
"ఎక్కడుందీ అని అడుగుతోంది" అన్నారు.

అప్పుడాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఈ సంగతి ఏ పేపరూ రాయలేదు.
ఆ తెప్ప మీద కూచుని, పేర్లు చెప్పమన్నాడు.

జాబితా తెచ్చారు.
ఎస్. దానేయా. ఎస్. దానేయా. ఎం. దానేయా.
ఇంటిపేర్లన్నీ ఒక్కో అక్షరానికి ముడుచుకుపోయి
ఎవరి దానయ్య ఎవరో.

నాయనమ్మ దానివంక చూడనైనా లేదు.
"అలగ కాదు బాబూ. పడవల వరసన సెప్తాను, రాసుకో."

గంగమ్మ పడవ: సూరాడ కారయ్య, ఆడి తమ్ముడు పోలయ్య,
మైలపల్లి దానయ్య, కుంటోడు కాదు, రెండోవోడు.
నూకాలమ్మ పడవ: బడే లచ్చయ్య,
సూరాడ దానయ్య, ఈడు నా కడుపునొచ్చినోడు.
గొంతు మారలేదు. పక్క పేరుకి వెళ్ళిపోయింది.
తరవాత ఒడ్డునున్న ఆడవాళ్ళు, ఇళ్ళ వరసన.
మా అమ్మ పేరు అక్కడ విన్నాను, గవిరమ్మ అని,
ఇంట్లో ఎవరూ పిలవని పూర్తి పేరు.

ఆయన రాశాడు,
మావీ కాని, బడిలోవీ కాని అక్షరాల్లో.
ముప్పావు గంట. పైలట్ రెండుసార్లు వాచీ చూశాడు.
దేశం ఏడ్చిందన్నారు గానీ ఆయన ఏడవలేదు,
ఒత్తు ఎక్కడొస్తుందో అడిగాడు.

ఆఖర్న కొర్లయ్య కూతురు. పుట్టి ఆరు రోజులు.
"పేరింకా ఎట్టలేదు" అంది నాయనమ్మ.
పెన్ను ఆగింది.
ఒక గీత గీసి, దాని మీద ఏమీ రాయకుండా
కాగితం మడిచాడు.

చెక్కులు ఏడాదికొచ్చాయి, పాత జాబితా ప్రకారమే.
ముగ్గురు దానయ్యల ఇళ్ళవాళ్ళూ ఒకే చెక్కు కోసం
బరంపురం కోర్టు మెట్ల మీద
ఒకే సద్ది మూట విప్పుకుని తిన్నారు.
ఆయన ఎలక్షన్లో ఓడిపోయాడు.
ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో,
ఏ చొక్కాతోపాటు చాకలికి వెళ్ళిందో.

చాలా ఏళ్ళకి, ఆయన పోయాడని రేడియో చెప్పిన రోజు
నాయనమ్మ పొయ్యి మానలేదు, చేపలు తోమింది.
సందెవేళ మాత్రం ఒడ్డుకెళ్ళి
పడవల వరసన అందరినీ చెప్పి,
పేరు లేని పిల్ల దగ్గర ఊపిరంతసేపు ఆగి,
ఆ తరవాత ఆయన పేరు చెప్పింది.

తప్పుగానే పలికింది.
నేను దిద్దలేదు.